‘సంతతం పాహిమాం’ నొట్టుస్వరాన్ని క్లాసికల్ గిటారు మీద ఒంటరిగా వాయించేలా కూర్చుకోవడం

కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఇంట్లో ఈ వరస మోగితే చిన్నప్పటి వయొలిన్ పాఠం గుర్తొస్తుంది. లండన్‌లో మోగితే జనం లేచి నిలబడతారు. ముత్తుస్వామి దీక్షితులు ‘సంతతం పాహిమాం సంగీత శ్యామలే’ అని సాహిత్యం కట్టిన బాణీ, బ్రిటిష్ రాజగీతం ‘గాడ్ సేవ్ ద కింగ్’ బాణీ ఒక్కటే. గిటారు మీదికి తెచ్చేటప్పుడు ఆ రెండింటిలో దేన్నీ మింగేయకుండా కూర్చాలన్నది నా పట్టుదల. మామూలుగా దొరికే గిటారు కూర్పుల్లో మొదటి బార్ నుంచే నిండు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) పడతాయి. దాంతో అది రాజగీతమే అయిపోతుంది, శ్యామలాదేవి కనబడదు. ఈ కూర్పు అలా కాకుండా ఎలా చేయాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఏడాదో రెండేళ్ళో సాధన చేసి, మొదటి ఐదు ఫ్రెట్లలో స్వరాలు తెలిసినవాళ్ళకు ఇది సరిపోతుంది.

ముందు కథ తెలుసుకోండి, ఎందుకంటే కూర్పులో తీసుకునే ప్రతి నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది

ఈ వరస 1744లో లండన్‌లో ‘థెసారస్ మ్యూజికస్’ అనే పాటల సంకలనంలో అచ్చయింది. మరుసటి ఏడు, స్టూఅర్ట్ వంశం వాళ్ళు సింహాసనం కోసం తిరుగుబాటు లేపిన రోజుల్లో, డ్రూరీ లేన్ నాటకశాలలో దీన్ని పాడారు. అక్కడి నుంచి దేశాలు పట్టుకు తిరిగింది. ప్రష్యా రాజుకు ఇదే వరస, రష్యా చక్రవర్తికి 1833 దాకా ఇదే, లీఖ్టెన్‌స్టైన్ జాతీయగీతానికి ఇప్పటికీ ఇదే. 1831లో అమెరికాలో దీనికే ఒక దేశభక్తి గీతం రాశారు. బేతోవెన్ 1803లో పియానో కోసం దీని మీద ఏడు వేరియేషన్లు కట్టాడు.

మన వైపుకి ఇది మద్రాసులోని సెయింట్ జార్జి కోట ద్వారా వచ్చింది. దీక్షితుల కుటుంబం కొన్నాళ్ళు మద్రాసు పక్కనున్న మణలిలో ముదలియార్ల ఆదరణలో ఉంది. కంపెనీ వాళ్ళ బ్యాండు వాయించే పాశ్చాత్య వరసలు వాళ్ళ చెవిన పడ్డది అప్పుడే. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే వయొలిన్ నేర్చుకున్నాడు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ ప్రవేశించిన తొలి దారుల్లో అదొకటి. అన్న ఆ వరసల్లో ముప్పైకి పైగా వాటికి సంస్కృతంలో దేవతాస్తుతులు కట్టాడు. ఇంగ్లీషు ‘నోట్’ మాటే మన నాలుక మీద నొట్టు అయింది, ఆ పాటలు నొట్టుస్వరాలయ్యాయి. అన్నీ శంకరాభరణం మెట్లలోనే నడుస్తాయి. ఆ బాలుస్వామి మనవడు, దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చు వేయించింది తెలుగు లిపిలో. దీక్షితుల సంగీతాన్ని ఆ మూలగ్రంథంలోనే చదవాలంటే తెలుగు అక్షరాలు కూడబలుక్కోవలసిందే. మన చేతిలో ఎంత పెద్ద తాళంచెవి ఉందో మనమే మరిచిపోతుంటాం.

ఇందులోంచి గిటారిస్టు పట్టుకోవలసినవి రెండున్నాయి. ఈ పాట మన దగ్గర కార్డులు లేకుండా, ఒంటి గొంతుతో, శ్రుతి మీద నిలబడి బతికింది. దీక్షితులు వైణికుడు కూడా. కాబట్టి మన కూర్పు ఒక చుట్టు వీణలా, తర్వాతి చుట్టు బ్యాండులా నడవాలి.

వరస రాసుకోండి

ముందు స్టాఫ్ నొటేషన్ జోలికి పోకండి. స్వరాల్లో రాసుకుంటే పాట ఎముకలు కనబడతాయి. బార్‌కి మూడు దెబ్బలు, దెబ్బకి రెండు అక్షరాల చోటు. కామా అంటే ముందున్న స్వరం సాగుతోందని అర్థం. రెండో బార్‌లోనూ ఐదో బార్‌లోనూ ఉన్న నిషాదం మంద్ర నిషాదం.

స , స , రి , | ని , , స రి , |
గ , గ , మ , | గ , , రి స , |
రి , స , ని , | స , , , , , ||

ప , ప , ప , | ప , , మ గ , |
మ , మ , మ , | మ , , గ రి , |
గ , మ గ రి స | గ , , మ ప , |
ద మ గ , రి , | స , , , , , ||

మొదటి భాగం ఆరు బార్లు, రెండోది ఎనిమిది. మొత్తం పద్నాలుగు. ఈ కుంటి నడకే దీని అందం. చాలామంది ఆరో బార్ తర్వాత రెండు బార్లు అతికించి పదహారు చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వరస మొత్తం మంద్ర నిషాదం నుంచి ధైవతం దాకా, ఏడు స్వరాల మధ్యే తిరుగుతుంది. ఇంత ఇరుకు పరిధి గిటారుకు వరం. ఒకే వరసను రెండు స్థాయిల్లో హాయిగా పెట్టుకోవచ్చు.

తర్వాత నోటితో పాడండి, గిటారు పక్కన పెట్టి. ఇక్కడ ఛందస్సు తెలిసిన తెలుగు పాఠకుడికి ఒక మంచి విషయం దొరుకుతుంది. ‘పాహిమాం’ గురువు, లఘువు, గురువు, అంటే ర గణం. రెండో బార్‌లో స్వరాలు కూడా ఒకటిన్నర దెబ్బ, అర దెబ్బ, ఒక దెబ్బ. ‘శ్యామలే’ కూడా ర గణమే, నాలుగో బార్‌లోనూ అదే లయ. మధ్యలో ‘సంగీత’ చివరి ‘త’ తర్వాత ‘శ్యా’ అనే సంయుక్తాక్షరం రావడంతో గురువైంది కాబట్టి అక్కడ మూడూ గురువులే, బార్‌లోనూ మూడు సమానమైన దెబ్బలు. పరాయి బాణీకి మాటలు అతికినట్టు కాదు, బాణీ లయలోంచే మాటలు పుట్టినట్టు కూర్చాడాయన. మొదటి బార్ ఒక్కటే కొంచెం వేరు. ‘సంతతం’ ర గణమే అయినా మూడు దెబ్బలూ సమానంగా పడతాయి, అక్కడ లఘువు సాగుతుంది.

వాయించేటప్పుడు దీని ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. రెండో బార్‌లోని ఆ పొట్టి షడ్జాన్ని, నాలుగో బార్‌లోని పొట్టి రిషభాన్ని ‘హి’, ‘మ’ అన్నంత తేలిగ్గా మీటాలి. మిలిటరీ బ్యాండులా గుద్దితే మాట చెడుతుంది.

శ్రుతి: ఆరో తీగను దించండి

డి మేజర్ ఎంచుకోండి. ఆరో తీగను ఒక స్వరం కిందికి, ఇ నుంచి డి కి దించండి. నాలుగో తీగకు సరిగ్గా ఒక స్థాయి కింద పలకాలి. రెండూ కలిపి మీటి, అలలు లేకుండా కలిసేదాకా తిప్పండి. నైలాన్ తీగ దించిన కాసేపటికి మళ్ళీ కొద్దిగా కదులుతుంది కాబట్టి ఐదు నిమిషాలు ఆగి ఇంకోసారి సరిచూసుకోండి.

ఈ శ్రుతి ఎంచుకున్నది తంబురా కోసం. ఇప్పుడు మీ గిటారులో ఐదో తీగ పంచమం, నాలుగో తీగ షడ్జం, ఆరో తీగ మంద్ర షడ్జం. ఐదు, నాలుగు, నాలుగు, ఆరు అనే వరుసలో బొటనవేలితో నెమ్మదిగా మీటి చూడండి. ప స స స. అచ్చంగా తంబురా నాలుగు తీగల వరుస. ఎడమ చేతితో పనే లేదు. పాట మొదలుపెట్టే ముందు ఈ వరుసను రెండుసార్లు మీటడమే మన ఉపోద్ఘాతం. దాంతో శ్రోత రాజగీతం కోసం కాక రాగం కోసం చెవి సిద్ధం చేసుకుంటాడు.

మొదటి చుట్టు: కింది స్థాయిలో, కార్డులు లేకుండా

వరసను కింది స్థాయిలో పెట్టండి. షడ్జం నాలుగో తీగ ఖాళీగా, రిషభం అదే తీగ 2వ ఫ్రెట్, గాంధారం 4వ ఫ్రెట్. మధ్యమం మూడో తీగ ఖాళీగా, పంచమం ఆ తీగ 2వ ఫ్రెట్. ధైవతం రెండో తీగ ఖాళీగా. మంద్ర నిషాదం ఐదో తీగ 4వ ఫ్రెట్. ఏడు స్వరాల్లో మూడు ఖాళీ తీగలవే.

అన్నీ బొటనవేలితోనే మీటండి, తీగ మీద గోటి కంటే కండ ఎక్కువ తగిలేలా, చేతిని సౌండ్‌హోల్ వైపు కొద్దిగా జరిపి. గుండ్రటి, లోతైన నాదం వస్తుంది. ప్రతి బార్ మొదటి దెబ్బకి ఆరో తీగను కూడా కలపండి, వరస కంటే బాగా మెల్లగా. వేరే తోడు అక్కర్లేదు.

ఈ చుట్టులో అసలు కష్టం ఖాళీ తీగలు ఆగకుండా మోగడం. నాలుగో తీగ మీద గాంధారం, మూడో తీగ మీద మధ్యమం పక్కపక్క స్వరాలు. రెండూ కలిసి మోగితే చెవికి గీసుకుంటుంది. గాంధారం నుంచి మధ్యమానికి వెళ్ళేటప్పుడు ఫ్రెట్ మీది వేలిని ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదలండి. నాదం ఆగుతుంది, తీగ మాత్రం కొత్తగా పలకదు. మధ్యమం నుంచి గాంధారానికి దిగేటప్పుడు బొటనవేలు గాంధారం మీటిన వెంటనే చూపుడువేలు మూడో తీగను తాకి ఆపాలి. పదకొండో బార్‌లో ‘గ మ గ రి స’ దగ్గర ఇది రెండు విధాలా జరుగుతుంది. ఆ ఒక్క బార్‌ను విడిగా తీసి వారం రోజులు చేయండి. ఈ కూర్పులో నేను ఎక్కువ కాలం గడిపింది అక్కడే.

గమకాలు వేయాలనిపిస్తుంది. శంకరాభరణం కదా, గాంధారాన్ని కొంచెం కదిపితే బావుంటుందని వేలు దురద పెడుతుంది. వద్దు. నొట్టుస్వరం నొట్టుస్వరంగా నిలబడేది స్వరాన్ని నిలువుగా, కదలకుండా పలికించడంలోనే. దీక్షితులు ఎంత బరువైన గమకాలతో కృతులు కట్టాడో తెలిసినవాళ్ళకు ఈ నిరాడంబరత ఎంత ఆలోచించి చేసిందో అర్థమవుతుంది. ఆరు, పద్నాలుగు బార్లలో సాగే షడ్జం ఖాళీ తీగది కాబట్టి దాన్ని అలాగే ఆరిపోనివ్వండి.

రెండో చుట్టు: పై స్థాయిలో, బేసు నడకతో

ఇప్పుడు బ్యాండు రావాలి. వరస ఒక స్థాయి పైకి వెళుతుంది. షడ్జం రెండో తీగ 3వ ఫ్రెట్, మంద్ర నిషాదం అదే తీగ 2వ ఫ్రెట్. రిషభం ఒకటో తీగ ఖాళీగా, గాంధారం 2, మధ్యమం 3, పంచమం 5, ధైవతం 7వ ఫ్రెట్. వరసను ఉంగరపువేలితో, బేసును బొటనవేలితో మీటండి.

నా సలహా ఏమిటంటే కార్డుల పేర్లు రాసుకోకండి. బేసును రెండో పాటగా రాయండి. దాన్ని ఒంటరిగా పాడుకుంటే పాటలా వినిపించాలి. అలా వినిపిస్తే మధ్య స్వరాలు చాలా తక్కువతో సరిపోతాయి. నేను వాడే బేసు ఇది.

1వ బార్: ఆరో తీగ ఖాళీగా, తర్వాత ఐదో తీగ 2వ ఫ్రెట్, తర్వాత ఆరో తీగ 5వ ఫ్రెట్. స, ద, మ అని నడుస్తుందన్నమాట. మూడో దెబ్బకి వరసలో రిషభం ఖాళీ తీగ కాబట్టి చేయి నిశ్చింతగా 5వ ఫ్రెట్‌కి జరగవచ్చు.
2వ బార్: పంచమం, పంచమం, అంటే ఐదో తీగ ఖాళీగా రెండుసార్లు, మూడో దెబ్బకి అదే తీగ 4వ ఫ్రెట్.
3వ బార్: నాలుగో తీగ ఖాళీగా రెండుసార్లు, తర్వాత ఐదో తీగ 2వ ఫ్రెట్.
4వ బార్: ఐదో తీగ ఖాళీగా రెండుసార్లు, మళ్ళీ 2వ ఫ్రెట్.
5వ బార్: ఆరో తీగ 5వ ఫ్రెట్, తర్వాత ఐదో తీగ ఖాళీగా రెండుసార్లు.
6వ బార్: ఆరో తీగ, ఐదో తీగ, నాలుగో తీగ, మూడూ ఖాళీగా. పైన షడ్జం సాగుతుంటే కింద స ప స అని మెట్లెక్కుతుంది.

నాలుగో బార్ చివర చెవి పెట్టండి. వరస షడ్జానికి చేరింది, ఇల్లు వచ్చిందనుకుంటాం. కింద బేసు షడ్జం ఇవ్వకుండా ధైవతం ఇస్తుంది. ఇంటి గడప దాకా తెచ్చి తలుపు తీయనట్టుంటుంది. యూరప్ హార్మనీలో ఇది పాత ఎత్తు. ఈ వరసకు ప్రాణం అక్కడుంది. మొదటి చుట్టులో శ్రోత ఇదే షడ్జాన్ని శ్రుతి మీద హాయిగా విన్నాడు, ఇప్పుడు అదే స్వరం కింద నేల జరిగింది. రెండు సంస్కృతుల మధ్య తేడా ఏమిటో ఉపన్యాసం అక్కర్లేకుండా ఆ ఒక్క దెబ్బలో తెలిసిపోతుంది. కాబట్టి ఆ బేసు స్వరాన్ని దాచకండి, కాస్త పైకి తేల్చండి.

రెండో భాగం ఏడో బార్‌తో మొదలవుతుంది. పైన పంచమం మూడుసార్లు అదే స్వరం. కింద కదలిక లేకపోతే విసుగు. నాలుగో తీగ ఖాళీగా, ఐదో తీగ 4వ ఫ్రెట్, అదే తీగ 2వ ఫ్రెట్, ఎనిమిదో బార్‌కి ఐదో తీగ ఖాళీగా. స ని ద ప అని దిగుతుంది. పంచమానికి ఒకటో తీగ 5వ ఫ్రెట్ మీద చిటికెనవేలు, 4వ ఫ్రెట్‌కి ఉంగరపువేలు, 2వ ఫ్రెట్‌కి చూపుడువేలు. చిన్న చేతులవాళ్ళు బొటనవేలిని మెడ వెనక కొంచెం కిందికి దించితే ఈ సాగు వస్తుంది. నొప్పి పుడితే ఆపేయండి.

తొమ్మిది, పది బార్లకు ఐదో తీగ ఖాళీగా ఉంటే చాలు. తొమ్మిదో బార్‌లో మాత్రం రెండో తీగ 2వ ఫ్రెట్ కలపండి, మధ్యమం కింద నిషాదం మోగి ఉత్కంఠ వస్తుంది. పదకొండుకి నాలుగో తీగ ఖాళీగా. పన్నెండులో మొదట ఆరో తీగ ఖాళీగా, మూడో దెబ్బకి ఆరో తీగ 4వ ఫ్రెట్. అది పదమూడో బార్‌లో ఆరో తీగ 5వ ఫ్రెట్‌కి తోసుకెళుతుంది.

పదమూడో బార్ మొత్తం పాటకి శిఖరం. చాలామంది ధైవతాన్ని ఒకటో తీగ 7వ ఫ్రెట్ మీద పట్టుకుని, వెంటనే మధ్యమానికి అదే తీగ 3వ ఫ్రెట్‌కి దూకుతారు. దూకుడు వినబడుతుంది, పాట తెగుతుంది. దానికి బదులు చేతిని ఐదో ఫ్రెట్ దగ్గరే ఉంచండి. ఆరో తీగ 5వ ఫ్రెట్ మీద చూపుడువేలు, ధైవతానికి ఒకటో తీగ 7వ ఫ్రెట్ మీద ఉంగరపువేలు, మధ్యమానికి రెండో తీగ 8వ ఫ్రెట్ మీద చిటికెనవేలు. గాంధారం రెండో తీగ 7వ ఫ్రెట్, బేసు ఐదో తీగ ఖాళీగా. అప్పటికి చూపుడువేలు ఆరో తీగ నుంచి విడుదలవుతుంది, దాంతో రెండో తీగ 5వ ఫ్రెట్ మీద రిషభం. చివరి షడ్జం మూడో తీగ 7వ ఫ్రెట్ మీద. లావు తీగ మీద, పై ఫ్రెట్‌లో, ఆ షడ్జం మెత్తగా వస్తుంది. కింద ఆరో తీగ షడ్జం. రాజగీతం బ్యాండు హోరుతో ముగుస్తుంది గానీ ఇక్కడ అమ్మవారి పేరుతో ముగుస్తున్నాం. మెత్తగానే ఉండాలి.

మూడో చుట్టు కావాలా?

నా ఉద్దేశంలో వద్దు. ట్రెమొలో, వేగంగా పరుగులు తీసే వేరియేషన్లు ఈ వరస మీద ఇప్పటికే బోలెడున్నాయి. ఇంకా మనసు పడితే, మొదటి ఆరు బార్లు మాత్రం కింది స్థాయిలో మళ్ళీ వాయించి, తంబురా వరుసతో ఆపండి. కచేరీలో నేను అలాగే చేస్తాను.

కాలం

మెట్రోనోమ్ 60 మీద మొదలుపెట్టి, రెండు చుట్లూ తప్పు లేకుండా వచ్చాక 80 దగ్గర నిలపండి. రెండు చుట్లకూ కాలప్రమాణం ఒక్కటే ఉండాలి. వీణ చుట్టు నెమ్మది, బ్యాండు చుట్టు హుషారు అని విడగొడితే రెండు వేరు పాటలైపోతాయి. మొత్తం నిమిషానికి కాస్త పైగా ముగుస్తుంది. సాధనలో ఒకరోజు బేసు ఒక్కటే వాయిస్తూ వరసను పాడండి, మరుసటి రోజు వరస వాయిస్తూ బేసును పాడండి. ‘సంతతం పాహిమాం’ అని మాటలతోనే పాడండి, ల ల ల అని కాదు. మాటలు నోట్లో ఉన్నప్పుడు వేళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాటికే తెలుస్తుంది.

రాసి పెట్టుకోవడం

కూర్పు కుదిరాక స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించండి. గిటారు సంగీతాన్ని నిజంగా మోగే స్థాయి కంటే ఒక స్థాయి పైన రాస్తారని గుర్తుంచుకోండి. పేజీ మొదట్లో ఆరో తీగ డి అని రాయాలి, తీగ అంకెలను వృత్తంలో పెట్టాలి, పదమూడో బార్‌లో తప్పనిసరిగా. దాని కింద స్వరాలూ సాహిత్యమూ తెలుగులో ఒక వరుస రాయండి. వయొలిన్ క్లాసు నుంచి వచ్చిన పిల్లవాడు స్టాఫ్ చదవలేకపోయినా ఆ వరుస పట్టుకుని వాయించగలడు.

బాణీ, సాహిత్యం రెండూ ఎవరి హక్కులూ లేనంత పాతవి. 1835లో దీక్షితులు ఎట్టయపురంలో కన్నుమూశారు. మీరు చేసిన కూర్పు మాత్రం మీదే. కాబట్టి పై వరుసలో ఎడమవైపు ‘బాణీ: సంప్రదాయం, లండన్, 1744లో అచ్చు’ అని, దాని కింద ‘సాహిత్యం: ముత్తుస్వామి దీక్షితులు’ అని, కుడివైపు గిటారు కూర్పు దగ్గర మీ పేరు, సంవత్సరం రాయండి.